దమావంద్ పర్వతం: కథలు చెప్పేదేమిటి? రాళ్లు చెప్పేదేమిటి?

భూమి కంపించినప్పుడు ఆదిశేషుడు తల మార్చుకున్నాడని మన పల్లెల్లో పెద్దలు చెప్పడం మీరు వినే ఉంటారు. ప్రకృతిలో భయం కలిగించే సంఘటన ఏది జరిగినా దానికి ఒక కథ అల్లుకోవడం మనిషికి అనాదిగా ఉన్న అలవాటు. మనకు ఆదిశేషుడు ఎలాగో, ఇరాన్ దేశ ప్రజలకు జహ్హాక్ అలాగ. ఆ దేశంలో ఒక పెద్ద కొండ ఉంది. ఆ కొండ పైనుంచి పొగ లేస్తే "లోపల బందీగా ఉన్న జహ్హాక్ ఊపిరి విడుస్తున్నాడు" అనేవారు. శబ్దం వినిపిస్తే "గొలుసులు తెంచుకోవాలని పెనుగులాడుతున్నాడు" అనేవారు. ఆ కొండ పేరు దమావంద్.

కథ కథే గదా అని కొట్టిపారేస్తే మనం ఒక మంచి పాఠాన్ని పోగొట్టుకుంటాం. కథను కథగానే నమ్మేసినా పోగొట్టుకుంటాం. కనుక రెండింటినీ పక్కపక్కన పెట్టి పరిశీలిద్దాం. కథలో ఏది కల్పన, ఏది కంటితో చూసి చెప్పిన సంగతి అనేది వేరుచేయడం ఎలాగో నేర్చుకుందాం.

కొండ ఎక్కడ ఉంది, ఎంత ఎత్తు?

ఇరాన్‌ను మన పాత పుస్తకాల్లో పారశీక దేశం అని రాసేవారు. ఆ దేశానికి ఉత్తరాన కాస్పియన్ సముద్రం ఉంది. ఆ సముద్రానికీ, రాజధాని టెహ్రాన్ నగరానికీ మధ్య గోడ కట్టినట్టు తూర్పు పడమరలుగా ఒక పర్వతశ్రేణి సాగుతుంది. దానిని అల్‌బోర్జ్ అంటారు. ఈ శ్రేణిలో, టెహ్రాన్‌కు ఈశాన్యంగా సుమారు 66 కిలోమీటర్ల దూరంలో, చుట్టూ ఉన్న కొండలన్నింటికన్నా తల పైకెత్తి, బోర్లించిన గరాటులాగ కనిపించేదే దమావంద్.

దీని ఎత్తు సముద్రమట్టానికి సుమారు 5,610 మీటర్లు. పాత అట్లాసుల్లో 5,670 మీటర్లని కూడా కనిపిస్తుంది. మన తూర్పు కనుమల్లోని అత్యున్నత శిఖరాలు కూడా 1,700 మీటర్ల లోపే ఉంటాయి. వాటిలాంటివి మూడింటిని ఒకదానిమీద ఒకటి పెట్టినా దమావంద్ ఎత్తు రాదన్నమాట. ఇరాన్‌లో ఇదే అన్నింటికన్నా ఎత్తైన శిఖరం. ఆసియాలోని అగ్నిపర్వతాలలో అత్యున్నతమైనదిగా కూడా దీనికి పేరుంది.

ఇంత ఎత్తునుంచి చూస్తే ఎంతదూరం కనిపిస్తుంది? దీనికి ఒక తేలికైన లెక్క ఉంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలం కట్టి, 3.57తో హెచ్చించండి. వచ్చినది దిఙ్మండలం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చెబుతుంది. 5,610కి వర్గమూలం దాదాపు 75. దానిని 3.57తో హెచ్చిస్తే దాదాపు 268 వస్తుంది. అంటే ఆకాశం నిర్మలంగా ఉంటే శిఖరం మీదినుంచి 268 కిలోమీటర్ల వరకు చూపు ఆనే వీలుందన్నమాట. ఉత్తరాన 70 కిలోమీటర్ల దూరంలోని కాస్పియన్ సముద్రం కనిపించడంలో వింతేముంది? ఈ లెక్కను తిప్పి చూడండి. పైనుంచి అంతదూరం కనిపిస్తే, అంతదూరం నుంచీ ఆ కొండ కూడా కనిపించాలి గదా! ఎన్నో ఊళ్ల ప్రజలు రోజూ పొద్దున లేచి చూసే కొండ ఇది. అటువంటి కొండ చుట్టూ కథలు పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి.

జహ్హాక్ కథ

గుర్రం జాషువా 1932లో రాసిన 'ఫిరదౌసి' కావ్యం పేరు మీరు వినే ఉంటారు. గజనీ మహమ్మదు కాలంలో జీవించిన ఒక మహాకవి కథ అది. ఆ ఫిరదౌసి 1010వ సంవత్సరంలో పూర్తిచేసిన గ్రంథమే 'షానామా'. దాదాపు 50,000 ద్విపదలున్న ఈ గ్రంథంలో ప్రాచీన ఇరాన్ రాజుల కథలన్నీ ఉన్నాయి. జహ్హాక్ కథను చాలామంది చదువుకునేది అందులోనే.

పూర్వం జంషీద్ అనే గొప్ప రాజు ఉండేవాడు. ప్రజలకు ఎన్నో విద్యలు నేర్పాడు. చివరికి గర్వం తలకెక్కి తానే దేవుడనన్నాడు. దానితో ప్రజలు అతనికి దూరమై, జహ్హాక్ అనే పరాయి రాజును తెచ్చుకున్నారు. పెనం మీదినుంచి పొయ్యిలో పడ్డట్టయింది. ఈ జహ్హాక్‌ను అంతకుముందే సైతాను వలలో వేసుకున్నాడు. వంటవాడి వేషంలో వచ్చి, రుచికరమైన వంటలు చేసిపెట్టి, బహుమానంగా అతని భుజాలను ముద్దు పెట్టుకుంటానని అడిగాడు. ముద్దు పెట్టుకొని మాయమయ్యాడు. వెంటనే ఆ రెండు భుజాల మీదా రెండు నల్లని పాములు మొలిచాయి. నరికితే చెట్టు కొమ్మల్లాగ మళ్లీ మొలిచేవి. సైతాను ఈసారి వైద్యుడి వేషంలో వచ్చి, "పాములకు రోజూ మనుషుల మెదడు పెట్టు" అని సలహా ఇచ్చాడు.

ఆ రోజునుంచి ప్రతిరోజూ ఇద్దరు యువకుల ప్రాణాలు పోవలసివచ్చింది. ఈ ఘోరం చూడలేక ఆర్మాయిల్, గర్మాయిల్ అనే ఇద్దరు ఉత్తములు వంటవాళ్లుగా చేరారు. రోజుకు ఇద్దరిలో ఒకరిని తప్పించి, ఆ ఒకరి బదులు గొర్రె మెదడు కలిపి పెట్టేవారు. అలా బతికి కొండల్లోకి పారిపోయినవారి సంతతే కుర్దులని కథ చెబుతుంది.

చివరికి ఎదురుతిరిగినవాడు రాజూ కాడు, సేనాపతీ కాడు. కావే అనే కమ్మరి. అతని 18 మంది కొడుకులలో 17 మంది పాములకు ఆహారమైపోయారు. ఆఖరి కొడుకును కూడా పట్టుకుపోతే, అతడు నిండు కొలువులోకి వెళ్లి న్యాయం అడిగాడు. తాను ధర్మాత్ముడనని ప్రజలచేత సంతకాలు చేయించుకుంటున్న జహ్హాక్, కావేను కూడా సంతకం చేయమన్నాడు. కావే ఆ పత్రాన్ని చింపి కాళ్ల కింద తొక్కి బయటికి నడిచాడు. కొలిమి దగ్గర కట్టుకునే తన తోలుగుడ్డను ఈటె చివర కట్టి ఎత్తిపట్టుకున్నాడు. ఆ గుడ్డే జెండా అయింది. జనం దాని వెనుక నడిచి ఫరీదూన్ అనే యువకుడి దగ్గరికి చేరారు. ఫరీదూన్ పసితనంలో ఒక ఆవు పాలు తాగి, తరువాత అల్‌బోర్జ్ కొండల్లో దాగి పెరిగినవాడు. ఎద్దు తల ఆకారంలో చేయించిన గదతో అతడు జహ్హాక్‌ను పడగొట్టాడు.

కాని చంపలేదు. దేవదూత అడ్డు వచ్చి, "వీడి కాలం ఇంకా రాలేదు. కొండకు తీసుకుపోయి బంధించు" అన్నాడు. ఫరీదూన్ అతన్ని దమావంద్ కొండ గుహలో మేకులు దిగగొట్టి గొలుసులతో కట్టివేశాడు. చంపితే వాడి శరీరంలోంచి పురుగూ పుట్రా పుట్టి లోకమంతా నిండిపోతుందని జొరాస్ట్రియన్ మతానికి చెందిన పహ్లవీ భాషా గ్రంథాలు కారణం చెబుతాయి. లోకం చివరి రోజుల్లో వాడు గొలుసులు తెంచుకొని లేస్తాడని కూడా ఆ గ్రంథాల్లో ఉంది. ఈ చివరి మాటను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన వేదాలతో చుట్టరికం

ఈ కథ ఫిరదౌసి కల్పించినది కాదు. అతనికి చాలా శతాబ్దాల ముందే జొరాస్ట్రియన్ల పవిత్ర గ్రంథం 'అవెస్తా'లో ఉంది. అక్కడ జహ్హాక్ మనిషి కాడు. మూడు తలలు, మూడు నోళ్లు, ఆరు కళ్లు గల మహాసర్పం. పేరు అఝి దహాక. దానిని జయించినవాడు థ్రయెతవోన. ఆ పేరే కాలక్రమాన ఫరీదూన్ అయింది.

అవెస్తా భాషా, మన సంస్కృతమూ అక్కచెల్లెళ్లు. సంస్కృతంలో 'హ' ఉన్నచోట అవెస్తాలో చాలాసార్లు 'జ' లేక 'ఝ' కనిపిస్తుంది. మన హస్తం వారికి జస్త. మన బాహువు వారికి బాజు. మరి అఝి? అదే మన 'అహి'. అంటే పాము. అలాగే మన 'స' వారికి 'హ' అవుతుంది. సప్త వారికి హప్త. అసుర వారికి అహుర. షానామాలోని జంషీద్ అవెస్తాలో యిమ. అతని తండ్రి వీవహ్వంత్. మనకు యముడూ, అతని తండ్రి వివస్వంతుడూ ఉన్నారు గదా! ఋగ్వేదంలో త్రితుడు అనే వీరుడు మూడు తలల విశ్వరూపుణ్ణి సంహరిస్తాడు. ఆ త్రితుడికి ఆప్త్యుడని పేరు. థ్రయెతవోన తండ్రి పేరు ఆథ్వ్య. రెండు జాతుల పూర్వికులు ఒకే చోట ఉన్న కాలంలో చెప్పుకున్న ఒకే కథ, వారు విడిపోయిన తరువాత రెండు దారుల్లో పెరిగిందని దీనివల్ల తెలుస్తున్నది.

అల్‌బోర్జ్ అనే పేరు కూడా అవెస్తాలోని 'హరా బెరెజైతి' నుంచి వచ్చినదే. బెరెజైతి అంటే ఉన్నతమైనది. మన 'బృహతి' అనే మాటకు అది తోబుట్టువు. సూర్యచంద్రులు హరా పర్వతం చుట్టూ తిరుగుతారని వారు నమ్మారు. మన మేరు పర్వతం కథ ఇలాగే ఉంటుంది గదా!

ఈ పరిశీలనలో మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది. మూడు తలల పాము కథ మన దేశంలోనూ ఉంది, ఇరాన్‌లోనూ ఉంది. కొండలో బంధించడం మాత్రం ఇరాన్ కథలోనే కలిసింది. అంటే పాము కథ ముందే ఉంది. కొండ తరువాత వచ్చి చేరింది. ఈ కొండే ఎందుకు చేరింది? ఈ ప్రశ్నకు జవాబు భాషలో దొరకదు. కొండ ఎక్కి చూడాలి.

కొండెక్కి చూసిన యాత్రికుడు

అలా ఎక్కి చూసినవాడు ఒకడున్నాడు. పదవ శతాబ్దానికి చెందిన అరబ్బు యాత్రికుడు అబూ దులఫ్. కొండలో కనిపించే పొగ బందీ ఊపిరి అనీ, గుహలోని మంట అతని కళ్ల వెలుగు అనీ, వినిపించే శబ్దాలు అతని గొణుగుడు అనీ ప్రజలు అతనికి చెప్పారు. విని ఊరుకోకుండా అతడు ఎంతో కష్టపడి కొండ సగం దాకా ఎక్కాడు. అక్కడ అతనికి రాక్షసుడు కనిపించలేదు. గంధకపు ఊట ఒకటి, దాని చుట్టూ గడ్డకట్టిన గంధకం కనిపించాయి. పొగ అనుకుంటున్నది ఆ ఊట నుంచి లేచే ఆవిరి అని రాశాడు. కొండ కింది సందులగుండా రకరకాల గాలులు వీచినప్పుడు ఒకసారి గుర్రపు సకిలింపులాగ, ఒకసారి గాడిద ఓండ్రలాగ, ఒకసారి మనుషుల మాటల్లాగ శబ్దాలు పుడుతున్నాయని రాశాడు.

వెయ్యేళ్ల కిందటి మనిషి చేసిన పని ఇది! విన్నదాన్ని రాసుకున్నాడు. వెళ్లి చూశాడు. చూసినదాంతో విన్నదాన్ని పోల్చాడు. మనం ప్రయోగశాలలో చేసే పని ఇంతకన్నా వేరా? అతను చెప్పినదంతా సరైనది కాదు. సూర్యకాంతి సోకి గంధకం అంటుకుంటుందన్నాడు. గంధకం అంటుకోవాలంటే 200 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడి కావాలి. ఎండకు అంత శక్తి లేదు. ఆ వేడి భూమి లోపలినుంచే రావాలి. అయినా అతను వేసిన అడుగు సరైన దిక్కునే పడింది.

ఇప్పటికీ దమావంద్ శిఖరం దగ్గర గంధకపు వాయువులు వెలువడుతూనే ఉన్నాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు, గంధకాన్ని మండించినప్పుడు ముక్కు అదిరే సల్ఫర్ డయాక్సైడు కలిస్తే రసాయనిక చర్య జరిగి గంధకమూ, నీరూ ఏర్పడతాయి. ఆ గంధకమే రాళ్లమీద పసుపుపచ్చగా పేరుకుంటుంది. కొండ పాదాన లారీజాన్ ప్రాంతంలో వేడినీటి బుగ్గలున్నాయి. ప్రజలు వాటిలో స్నానాలు చేస్తారు. పొగ, వాసన, వేడినీరు, రాళ్ల రంగు అన్నీ ఒకే సంగతి చెబుతున్నాయి. దమావంద్ ఒక అగ్నిపర్వతం.

రాళ్లు చెప్పే చరిత్ర

అరేబియా భూఫలకం ఉత్తరంగా ఏడాదికి రెండు సెంటిమీటర్లు, అటూ ఇటూగా కదులుతూ యూరేషియా ఫలకాన్ని నెడుతున్నది. మన భారత ఫలకం నెట్టడంవల్ల హిమాలయాలు లేచినట్టే, ఈ ఒత్తిడికి ముడుతలు పడి లేచినవి ఇరాన్ పర్వతాలు. ఆ ముడుతల మధ్య, భూగర్భంలోని శిలాద్రవం పైకి తన్నుకువచ్చి కట్టిన కొండ దమావంద్.

అన్ని లావాలూ కొండలు కట్టవు. మన తెలంగాణలో వికారాబాదు, తాండూరు ప్రాంతాల నల్లరేగడి నేలల కింద ఉన్న నల్లరాయి కూడా ఒకప్పటి లావాయే. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట దక్కను మీద పరుచుకున్నది. అక్కడ శంఖువు ఆకారపు కొండ ఎందుకు లేదు? అమ్మ పాకం పట్టేటప్పుడు గమనించండి. లేతపాకాన్ని పళ్లెంలో పోస్తే పళ్లెమంతా పరుచుకుంటుంది. ముదురుపాకం పోసినచోటే ముద్దకడుతుంది. దక్కను లావా లేతపాకం. అందులో సిలికా తక్కువ. దమావంద్ లావాలో సిలికా అంతకన్నా ఎక్కువ. దానిని ట్రాకీఆండసైటు అంటారు. అది ముదురుపాకంలాగ నెమ్మదిగా పాకి, త్వరగా గడ్డకట్టి, ఒక పొరమీద ఒక పొరగా పేరుకుంటుంది. మధ్యమధ్య పేలుళ్లలో ఎగిరిన బూడిద కూడా ఈ పొరల్లో కలుస్తుంది.

ఈ పొరల వయసు ఎలా తెలుస్తుంది? లావాలోని కొన్ని ఖనిజాల్లో యురేనియం, థోరియం అతి స్వల్పంగా ఉంటాయి. అవి విచ్ఛిన్నమవుతూ హీలియం వాయువును పుట్టిస్తాయి. లావా బాగా వేడిగా ఉన్నంతసేపు హీలియం తప్పించుకుపోతుంది. చల్లారిన తరువాత స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. కనుక ఎంత హీలియం చేరిందో కొలిస్తే లావా చల్లారి ఎంత కాలమైందో లెక్కకట్టవచ్చు. ఇటువంటి పద్ధతులవల్ల తేలినదేమంటే, ఇక్కడ మొదట ఒక పాత దమావంద్ ఉండేది. దాని శిలలు దాదాపు 18 లక్షల నుంచి 8 లక్షల ఏళ్ల నాటివి. అది చాలావరకు అరిగిపోయింది. గత 6 లక్షల ఏళ్లలో అదేచోట ఇప్పటి కొండ పెరిగింది. చిట్టచివరి లావా ప్రవాహం సుమారు 7,300 ఏళ్ల కిందటిది.

కథలో అగ్నిపర్వతం పేలిన జ్ఞాపకం ఉందా?

ఇప్పుడు మనకు రెండు లెక్కలున్నాయి. దమావంద్ చివరిసారి లావా కక్కి 7,300 ఏళ్లయింది. అవెస్తాలోని అతి పాత భాగాలు కూడా సుమారు మూడువేల ఏళ్ల నాటివని పండితులు అంటారు. మధ్యలో నాలుగువేల ఏళ్ల పైచిలుకు ఎడం ఉంది. కనుక "జహ్హాక్ కథ అగ్నిపర్వతం పేలుడుకు సాక్ష్యం" అని ఎవరైనా అంటే తొందరపడి ఒప్పుకోకండి. అంతకాలం ఒక జ్ఞాపకం నోటిమాటగా నిలిచిందనడానికి ఈ కథలో ఆధారమేమీ లేదు. పైగా కథలో కొండ పేలదు. లావా ప్రవహించదు. పొగ, వేడి, వాసన, శబ్దం మాత్రమే ఉన్నాయి. అవి పేలుడు చూడనివారికి కూడా రోజూ కనిపించేవే.

అదీగాక ఇటువంటి కథ ఇరాన్‌కే పరిమితం కాదు. గ్రీకులు టైఫన్ అనే రాక్షసుణ్ణి సిసిలీ దీవిలోని ఎట్నా అగ్నిపర్వతం కింద అణచివేశారని చెప్పుకున్నారు. లోపల ఏదో శక్తి ఉంది. అది అణగి ఉంది గాని చావలేదు. ఈ సంగతి ఇద్దరూ గమనించారు. గమనించినదాన్ని తమకు తెలిసిన భాషలో చెప్పారు. పరిశీలన నిజం, ఇచ్చిన కారణం కల్పన. పాత కథలను చదివేటప్పుడు ఈ రెండింటినీ వేరుచేయడం అలవాటు చేసుకోవాలి.

ఆరష్ వేసిన బాణం

దమావంద్‌కు ఇంకో ప్రసిద్ధమైన కథ ఉంది. ఇరాన్‌కూ, తూరాన్‌కూ యుద్ధం జరిగి, ఇరాన్ ఓడిపోయే స్థితికి వచ్చింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఇరాన్ విలుకాడు ఒక బాణం వేయాలి. అది పడినచోటే రెండు దేశాలకూ సరిహద్దు. ఆరష్ అనే విలుకాడు ముందుకు వచ్చాడు. దమావంద్ ఎక్కి తెల్లవారుజామున బాణం వదిలాడు. అది మధ్యాహ్నం దాకా ఎగిరి, ఆమూ దర్యా నది ఒడ్డున పడిందని ఎక్కువమంది చెప్పుకునే కథ. తన ప్రాణశక్తినంతా బాణంలో పెట్టిన ఆరష్ ఇక కనిపించలేదు.

ఇది సాధ్యమేనా? లెక్క కట్టి చూద్దాం. దమావంద్ నుంచి ఆమూ దర్యాకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఆరు గంటల్లో వెయ్యి కిలోమీటర్లంటే గంటకు 167 కిలోమీటర్లు. సెకనుకు దాదాపు 46 మీటర్లు. చిత్రమేమంటే, మంచి వింటినుంచి వెలువడే బాణం వేగం నిజంగానే సెకనుకు 50, 60 మీటర్లు ఉంటుంది! వేగంలో తప్పులేదు. తప్పంతా గాలిలో ఆరు గంటలు నిలవడంలో ఉంది. 5,600 మీటర్ల ఎత్తునుంచి జారవిడిచిన వస్తువు, గాలి అడ్డు లేదనుకుంటే, సముద్రమట్టానికి 34 సెకన్లలో చేరుతుంది. అడ్డంగా వేసిన బాణానికైనా అదే కాలం పడుతుంది. ఆ 34 సెకన్లలో అది వెళ్లగలిగేది రెండు కిలోమీటర్లు. అసలు అంతకు ఎంతో ముందే కొండ వాలుకు గుచ్చుకుంటుంది.

మరి వెయ్యి కిలోమీటర్లు పోవాలంటే? 45 డిగ్రీల వాలులో వేస్తే, బాణం పోయే దూరం వేగపు వర్గాన్ని గురుత్వ త్వరణంతో భాగించినంత. భూమి వంపునూ, గాలి అడ్డునూ పక్కనబెట్టి లెక్కిస్తే సెకనుకు 3,130 మీటర్ల వేగం కావాలి. ధ్వని వేగానికి తొమ్మిది రెట్లు! అది మనిషి చేతికి అందేది కాదు.

ఆ సంగతి కథ చెప్పినవారికి తెలియదనుకోకండి. ఈ కథను సుమారు 1000వ సంవత్సరంలో గ్రంథస్థం చేసినవారిలో అల్‌బెరూనీ ఒకడు. అతడు బాణం వేసిన చోటు పేరు రూయాన్ కొండ అని రాశాడు. దైవాజ్ఞతో గాలి ఆ బాణాన్ని మోసుకుపోయిందని కూడా రాశాడు. ఒక్క మనిషి బలం చాలదని కథలోనే ఒప్పుకున్నారన్నమాట. ఈ అల్‌బెరూనీయే తరువాత మన దేశానికి వచ్చి సంస్కృతం నేర్చుకున్న పండితుడు. ఇప్పటి పాకిస్తాన్‌లోని నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తును కొలిచి, ఆ కొండమీదినుంచి దిఙ్మండలం ఎంత కిందికి వంగి కనిపిస్తుందో చూసి, దానినిబట్టి భూమి వ్యాసార్ధాన్ని లెక్కకట్టినవాడు. ఇందాక మనం దమావంద్ మీదినుంచి చూపు ఎంతదూరం ఆనుతుందో లెక్కించాం. దాని వెనుక ఉన్నదీ అదే రేఖాగణితం. కథను శ్రద్ధగా రాసిపెట్టిన చేయే కొండను శ్రద్ధగా కొలిచింది. రెండూ ఒక మనిషిలో ఇమిడాయి.

ఇరాన్‌లో తీర్ నెల 13వ రోజున, అంటే జులై మొదటివారంలో, తీర్‌గాన్ పండుగ నాడు ఆరష్‌ను తలుచుకుంటారు.

చచ్చిన కొండా? నిద్రపోతున్న కొండా?

బ్రిటిష్ దౌత్య ఉద్యోగి టేలర్ థామ్సన్ 1837లో దమావంద్ ఎక్కాడు. ఇప్పుడు ప్రతి వేసవిలో ఎంతోమంది ఎక్కుతున్నారు. శిఖరం దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగమే. అక్కడ నీరు 82 డిగ్రీలకే మరుగుతుంది. ఎత్తు ప్రతి కిలోమీటరుకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుంది. సముద్రతీరంలో 30 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు శిఖరం మీద సున్నాకు ఆరు డిగ్రీలు తక్కువ ఉండవచ్చు. అందుకే వేసవిలో కూడా మంచు పూర్తిగా కరగదు. ఆ మంచు మధ్యనుంచే వేడి ఆవిరి లేస్తుంది!

7,300 ఏళ్లుగా లావా రాలేదు గనుక ఇక రాదని అనవచ్చునా? అనలేం. మనిషికి 7,300 ఏళ్లు 300 తరాలు. 18 లక్షల ఏళ్ల చరిత్ర ఉన్న కొండకు అది చిన్న కునుకు. శిఖరం మీద ఆవిరి, పాదాన వేడినీరు ఉన్నంతకాలం లోపల వేడి ఉన్నట్టే. అందుకే శాస్త్రజ్ఞులు దీనిని ఆరిపోయిన అగ్నిపర్వతం అనరు. నిద్రాణమైనది అంటారు. "వాడు చావలేదు, బంధించి మాత్రమే ఉన్నాడు" అన్న పాత మాట గుర్తుందా? చెప్పిన కారణం తప్పు. ఇచ్చిన హెచ్చరిక మాత్రం తప్పు కాదు.

ఆ ప్రాంతానికి దగ్గరి ప్రమాదం భూకంపం. దమావంద్‌కు దక్షిణంగా మోషా అనే భ్రంశరేఖ పోతున్నది. దానివెంట 1830లో పెద్ద భూకంపం వచ్చింది. 2020 మే నెలలో దమావంద్ పట్టణం దగ్గర 5.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి టెహ్రాన్ నగరంలో జనం అర్ధరాత్రి ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. నేల కదలడానికి కారణం ఫలకాల ఒత్తిడి అని తెలిస్తే, ఎటువంటి ఇల్లు కట్టాలో ఆలోచిస్తాం. జహ్హాక్ కదిలాడని నమ్మి ఊరుకుంటే ఆ ఆలోచన రాదు. కథకూ, కారణానికీ తేడా తెలియడం ప్రాణాలు నిలిపే జ్ఞానం.

అయినా ఇరాన్ ప్రజలు తమ కథను వదులుకోలేదు, వదులుకోనక్కరలేదు కూడా. 1922లో మహ్మద్ తకీ బహార్ అనే కవి దమావంద్‌ను సంబోధించి, అన్యాయం మీద నిప్పులు కురిపించమని కోరుతూ ఒక ప్రసిద్ధ కావ్యం రాశాడు. 1992లో వెలువడిన 10,000 రియాళ్ల నోటు మీద ఈ కొండ బొమ్మ అచ్చయింది. దౌర్జన్యాన్ని ఒక కమ్మరి ఎదిరించగలడని చెప్పే కథను ఏ జాతి మాత్రం మరచిపోతుంది? కొండ లోపల ఏముందో భూగర్భశాస్త్రం చెబుతుంది. కొండను చూసినప్పుడు మనుషుల మనసులో ఏముందో కథ చెబుతుంది. రెండింటినీ వినండి. ఒకదానిని ఇంకొకటి అనుకోకండి.

ఆలోచించండి, చేసి చూడండి

1. మీ బడి మేడమీద, నేలకు 10 మీటర్ల ఎత్తున, మీ కళ్లున్నాయనుకోండి. దిఙ్మండలం ఎంతదూరంలో ఉంటుంది? పైన చెప్పిన లెక్క ప్రకారం కట్టండి.

2. దమావంద్ శిఖరం మీద కుండలో అన్నం వండితే బియ్యం సరిగా ఉడకదు. మూత బిగించిన ప్రెషర్ కుక్కరులో ఉడుకుతుంది. ఎందువల్ల?

3. ఒక పళ్లేన్ని వాలుగా పెట్టి, ఒక వైపు నీళ్లు, ఒక వైపు తేనె ఒక్కొక్క చెంచా పోయండి. ఏది ముందు కిందికి చేరింది? ఏ ద్రవం దక్కను లావాను, ఏది దమావంద్ లావాను పోలి ఉంది?

4. మీ ఊరి గుట్టకో, చెరువుకో, పెద్ద బండరాయికో ఒక కథ ఉండే ఉంటుంది. పెద్దలను అడిగి రాసుకోండి. తరువాత అక్కడికి వెళ్లి చూడండి. కథలో కంటితో చూసి చెప్పినది ఏది, కల్పించి చెప్పినది ఏది? రెండు వరుసలుగా రాయండి. వెయ్యేళ్ల కిందట అబూ దులఫ్ చేసిన పని ఇదే.